తెలుగులో మాటలు ఎటు తిప్పినా అర్థం మారదు కదా, మరి వాక్యనిర్మాణంతో పనేమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను. ఇంగ్లీషులో మాటల వరస మారిస్తే అర్థం తారుమారవుతుంది, తెలుగులో ఎటు తిప్పి చెప్పినా తేడా రాదు, అంటే తెలుగులో అర్థమంతా మాటల్లోనే ఉన్నట్టా అన్నది మొదటిది. వాక్యనిర్మాణం, అర్థం రెండూ వేరువేరా అన్నది రెండోది. మన ఆలోచన కూడా మన భాష వాక్యాల అచ్చులోనే నడుస్తుందా అన్నది మూడోది. చివర్లో చాట్‌బాట్లకి అర్థం తెలుస్తుందా అని కూడా ఒక మాట అడిగారు. దానికీ వస్తాను.

నేను చాలా ఏళ్ళు భాషాశాస్త్రం పాఠాలు చెప్పాను. తర్వాత యంత్రానువాదం కోసం తెలుగు వాక్యాలను విడగొట్టి, ఏ పదానికి క్రియతో ఏం సంబంధమో గుర్తులు పెట్టే పనిలో పడ్డాను. రోజంతా వాక్యాలతో కుస్తీ పట్టే పని అది. కాబట్టి పుస్తకాల్లోంచి కొంత, ఆ కుస్తీలోంచి ఎక్కువ చెప్తాను.

సూటిగా జవాబు ఇది. మాటలు మనుషుల్నీ వస్తువుల్నీ పనుల్నీ చెప్తాయి. ఎవరు ఎవరిని, దేనితో, ఎవరి కోసం అన్న సంబంధాలు చెప్పేది వాక్యనిర్మాణం. అయితే ఆ సంబంధం ఇంగితంతోనే తెలిసిపోయే చోట వాక్యనిర్మాణం పట్టు సడలిస్తుంది, తెలియని చోట బిగిస్తుంది. అందుకే రెండూ వేరే అయినా, ఒకదాని పని ఇంకొకటి చూసుకుంటూ ఉంటాయి. ఆలోచన విషయానికొస్తే, అది వాక్యానికి కట్టుబానిస కాదు. కానీ ఒక చోట మాత్రం వాక్యం చెయ్యి అందించకపోతే ఆలోచన తడబడుతుందనడానికి ఆధారాలున్నాయి.

ఇప్పుడు ఒక్కొక్కటే చూద్దాం.

"జిబ్బడు లొంటిని పురపించాడు." ఇందులో ఒక్క మాటకీ అర్థం లేదు, ఇప్పుడే కల్పించాను. అయినా మీకు ఎంత తెలిసిందో చూడండి. పని చేసింది జిబ్బడు, జరిగింది లొంటికి. పని అయిపోయింది. చేసినవాడు మగవాడు, ఒక్కడే. ఇప్పుడు "లొంటిని జిబ్బడు పురపించాడు" అని తిప్పండి, ఇవేవీ మారవు. మీరు గమనించింది నిజమే. కానీ దాని వల్ల తెలుగులో వాక్యనిర్మాణం లేదని తేలదు. ఇంగ్లీషు వరసతో చేయించే పనిని తెలుగు "ని"తో, "డు"తో చేయిస్తోంది, అంతే. మాటల వరస ఒక్కటే వాక్యనిర్మాణం అనుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. విభక్తులు, క్రియ చివరి ప్రత్యయాలు కూడా అందులో భాగాలే.

వరసకి కూడా తెలుగులో పని లేకపోలేదు. "డబ్బు రవి ఇచ్చాడు" అంటే ఇచ్చింది ఎవరన్న ప్రశ్నకి జవాబు. "రవి డబ్బు ఇచ్చాడు" అంటే ఏమిచ్చాడన్న దానికి. జరిగింది ఒకటే, చెప్పే సందర్భం వేరు. మారేది సంగతి కాదు కాబట్టి మన చెవికి తేడా లేదనిపిస్తుంది.

ఇక "సడలించడం, బిగించడం" అన్నానే, అది తెలుగులో చాలా చక్కగా కనిపిస్తుంది. "నేను సినిమా చూశాను" అంటాం. "సినిమాని చూశాను" అనక్కర్లేదు. "నేను అబ్బాయి చూశాను" మాత్రం కుదరదు, "అబ్బాయిని" అనాల్సిందే. ప్రాణం లేనివాటికి "ని" ఐచ్ఛికం, మనుషులకు తప్పనిసరి అని వ్యాకరణాలు చెప్తాయి. ఎందుకంటే సినిమా మనిషిని చూడదు. అబ్బాయి చూడగలడు. అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉన్న చోటే గుర్తు కావాలి. ఇదే సూత్రమైతే ప్రాణం లేని రెండు వస్తువులు ఎదురెదురైనప్పుడు కూడా "ని" తిరిగి రావాలి కదా? వస్తుంది. "డ్రైవరు కారు ఆపాడు" సరిపోతుంది. "లారీ కారు గుద్దింది" అంటే మాత్రం వినేవాడు "ఏది దేన్ని గుద్దింది?" అంటాడు. "లారీ కారుని గుద్దింది" అనాలి. వ్యాకరణ సూత్రం అనుకున్నది లోపల అర్థాన్ని చూసే నడుస్తోందన్నమాట.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ క్రియాజన్య విశేషణం. వచ్చిన, తిన్న, తాగిన, ఎక్కిన లాంటి రూపాలు. ఈ మూడు చూడండి:

నేను ఎక్కిన బస్సు.
నేను దిగిన బస్సు.
నేను వచ్చిన బస్సు.

మొదటిది "బస్సు ఎక్కాను", రెండోది "బస్సులోంచి దిగాను", మూడోది "బస్సులో వచ్చాను". మామూలు వాక్యంలో ఒక చోట ప్రత్యయమే లేదు, ఒక చోట "లోంచి", ఒక చోట "లో". విశేషణంగా మారేసరికి ఆ ప్రత్యయాలన్నీ రాలిపోయాయి. మూడింటికీ ఒకటే అచ్చు. అయినా తెలుగువాడెవడూ తికమకపడడు. దిగడం అంటే ఏమిటో, బస్సు అంటే ఏమిటో తెలుసు కాబట్టి మధ్యలో ఉన్న సంబంధాన్ని తనే పూరించుకుంటాడు. "నువ్వు తాగిన టీ", "టీ తాగిన కప్పు", "మనం టీ తాగిన హోటల్", "టీ తాగిన మనిషి" కూడా అంతే. తాగబడ్డది, పాత్ర, చోటు, తాగినవాడు. వాక్యనిర్మాణం ఇక్కడ "ఈ పేరుకీ ఈ పనికీ ఏదో సంబంధం ఉంది, ఏమిటో నువ్వే చూసుకో" అని వదిలేసింది. పార్సర్లకు, అంటే వాక్యాన్ని విడగొట్టే ప్రోగ్రాములకు, తెలుగు నేర్పేటప్పుడు మమ్మల్ని ఏడిపించింది ఈ నిర్మాణమే. వాక్యంలో పైకి కనిపించే ఆనవాలు ఏదీ లేదు, ఆ సంబంధం ఉన్నదల్లా మన బుర్రలో.

మరీ ఇంత స్వేచ్ఛ ఉంటే ఏ సంబంధమైనా పూరించుకోవచ్చా? లేదు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నేను ఒక అబ్బాయితో కలిసి వచ్చాననుకోండి. అతన్ని "నేను వచ్చిన అబ్బాయి" అని చెప్పగలనా? ఎంత సందర్భం ఇచ్చినా కుదరదు. "నాతో వచ్చిన అబ్బాయి" అనో, "నేను ఎవరితో వచ్చానో ఆ అబ్బాయి" అనో చుట్టు తిరిగి చెప్పాలి. అర్థం ఊహించలేకపోవడం కాదు, వినేవాడికి నా ఉద్దేశం తెలిసినా సరే, వాక్యం ఒప్పుకోదు. "అంతా అర్థమేనండీ, వ్యాకరణం అనేది వేరే ఏమీ లేదు" అనేవాళ్ళకి నేను ఈ ఉదాహరణ చూపిస్తాను. అర్థానికి అందినా నిర్మాణానికి అందనివి ఉన్నాయి. అంటే నిర్మాణానికి దాని సొంత పట్టుదలలు దానికున్నాయి.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. "రవి ఇంటికి వచ్చి అన్నం తిన్నాడు" మంచి వాక్యం. "రవి ఇంటికి వచ్చి కమల అన్నం తింది" తప్పు, "వచ్చాక" అనాలి. రెండు పనులకీ కర్త ఒకటే అయినప్పుడే "వచ్చి" లాంటి రూపం వాడాలని బడిలో చెప్పిన సూత్రం. మరి "వాన కురిసి చెరువు నిండింది" సంగతేమిటి? కురిసింది వాన, నిండింది చెరువు. కర్తలు వేరు. "కరెంటు పోయి మోటారు ఆగింది" కూడా అంతే. ఇవి తప్పని ఎవరూ అనరు. తేడా ఎక్కడుందంటే, ఇక్కడ మొదటిది రెండోదానికి కారణం. కార్యకారణ సంబంధం బలంగా ఉంటే కర్త ఒకటే ఉండాలన్న నియమం పక్కకి తప్పుకుంటుంది. నియమం వాక్యనిర్మాణానిదే, మినహాయింపు మాత్రం అర్థం ఇచ్చింది. ఈ సూత్రాన్ని క్లాసులో చెప్పేటప్పుడు పిల్లలు "ఇది ఎప్పుడూ పనిచేసే లెక్క కాదా?" అని టెన్షన్ పడేవాళ్ళు. లెక్కే, కానీ అందులో ఒక అంకె లోకంలోంచి తెచ్చి వేసుకోవాలి.

ఇంకో పక్క, ఒకే మాటలు, ఒకే వరస, రెండు నిర్మాణాలు ఉన్న వాక్యాలు ఉంటాయి. అర్థం మాటల్లోనే ఉంటే ఇలా జరగడానికి వీల్లేదు.

"కోఠీలో పాత పుస్తకాల షాపు." పాతవి పుస్తకాలా, షాపా?

"రవి నవ్వుతూ వెళ్తున్న పిల్లాణ్ణి పిలిచాడు." నవ్వింది ఎవరు? పిల్లాణ్ణి ముందుకు తెచ్చి "వెళ్తున్న పిల్లాణ్ణి రవి నవ్వుతూ పిలిచాడు" అంటే రవే. ఇక్కడ చూడండి, తెలుగులో వరస మారిస్తే అర్థం తేలింది! మీ మొదటి పరిశీలనకి ఇది మినహాయింపు.

"ఆయన డబ్బు తీసుకుని ఓటు వెయ్యలేదు." ఇది ఇంకా ప్రమాదకరమైన వాక్యం. ఆయన డబ్బు తీసేసుకుని తీరా ఓటు ఎగ్గొట్టాడా? లేక ఓటు వేశాడు గానీ డబ్బుకి ఆశపడి కాదా? ఒక అర్థంలో ఆయన మోసగాడు, ఇంకో అర్థంలో నిజాయితీపరుడు. "లేదు" అన్న నిషేధం ఎంత దూరం పాకిందన్నదే తేడా. వెయ్యడం దగ్గర ఆగిందా, "తీసుకుని" దాకా వెళ్ళిందా? రాసేటప్పుడు ఇలాంటివి తగిలితే నేను నిర్దాక్షిణ్యంగా విడగొట్టేస్తాను. "డబ్బు తీసుకున్నాడు గానీ ఓటు వెయ్యలేదు" అనో, "ఆయన ఓటు వేసింది డబ్బు తీసుకుని కాదు" అనో. పత్రికల్లో, అఫిడవిట్లలో రాసేవాళ్ళు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే చాలా గొడవలు తప్పుతాయి.

మనవాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకున్నారు. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహం అనే తర్కశాస్త్ర పుస్తకంలో వాక్యార్థం తెలియడానికి మూడు కావాలన్నాడు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఆకాంక్ష అంటే ఒక పదానికి ఇంకో పదం అవసరపడటం. "ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అని వరసగా పలికితే ఒకదానికొకటి అక్కర్లేదు, అందుకే అది వాక్యం కాదు. సన్నిధి అంటే పదాలు దగ్గరదగ్గరగా పలకడం. జాముకో మాట చొప్పున పలికితే వాక్యం తయారవదు. యోగ్యత అంటే అర్థాలు ఒకదానికొకటి పొసగడం. ఆయన ఇచ్చిన ఉదాహరణ "నిప్పుతో తడపాలి". వ్యాకరణం ప్రకారం ఏ లోపం లేదు, కానీ నిప్పుతో తడపలేం.

1957లో అమెరికన్ భాషాశాస్త్రజ్ఞుడు చోమ్‌స్కీ "రంగులేని పచ్చని ఆలోచనలు ఉగ్రంగా నిద్రపోతున్నాయి" అన్న వాక్యం ఇచ్చి, ఇది అర్థరహితమైనా వ్యాకరణబద్ధమే, కాబట్టి వ్యాకరణం అర్థం మీద ఆధారపడదు అన్నాడు. ఉదాహరణ దాదాపు అదే. తీసిన తీర్పు వేరు. చోమ్‌స్కీ యోగ్యతని వ్యాకరణం గుమ్మం బయట నిలబెట్టాడు. నైయాయికులు, అంటే అన్నంభట్టు లాంటి తార్కికులు, దాన్ని వాక్యార్థజ్ఞానానికి కావలసిన మూడింటిలో ఒకటిగా లోపలే కూర్చోబెట్టారు. నన్నడిగితే ఇద్దరూ అడిగిన ప్రశ్నలు వేరు. వాక్యం ఎలా తయారవుతుందని చోమ్‌స్కీ అడిగాడు. విన్నవాడికి ఎలా తెలుస్తుందని తార్కికులు అడిగారు. పైగా "నిప్పుతో తడిపాడు" అన్నది మనకు అర్థం కాకపోతే అది అసాధ్యం అని కూడా అనలేం కదా. నిప్పు సాధనం అన్న సంబంధం వాక్యం మనకు ఇచ్చేసింది, ఆ సంబంధాన్నే మనం కాదంటున్నాం.

వేదవాక్యాల అర్థాన్ని విచారించిన మీమాంసకుల్లో ఇంకో పాత తగాదా ఉంది, మీకు ఆసక్తి ఉంటుందని చెప్తున్నాను. పదాలు ముందు విడివిడిగా తమ అర్థాలు చెప్తాయి, తర్వాత అవి కలుస్తాయి అని కుమారిల భట్టు వర్గం. పదం ఎప్పుడూ ఇంకోదానితో కలిసిన అర్థాన్నే చెప్తుంది అని ప్రభాకరుడి వర్గం. "నేను దిగిన బస్సు" లాంటివి చూసినప్పుడల్లా నేను ప్రభాకరుడి వైపు ఒరుగుతాను. జిబ్బడు వాక్యం చూసినప్పుడు మళ్ళీ కుమారిలుడి వైపు.

మెదడు ఏమంటోంది? ఇది నా సొంత రంగం కాదు గానీ పాఠం చెప్పడానికి చదవాల్సి వచ్చింది. తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి వాక్యాలు చదివిస్తే, అర్థం పొసగని మాట దగ్గర సుమారు 400 మిల్లీసెకన్లకి ఒక రుణ తరంగం వస్తుంది. మార్టా కుటాస్, స్టీవెన్ హిల్‌యార్డ్ 1980లో దీన్ని చూపించారు. "వేడి రొట్టె మీద సాక్సు పూశాడు" తరహా వాక్యాలతో. దాన్ని ఎన్400 అంటారు. వ్యాకరణం తప్పిన చోట ఇంకాస్త ఆలస్యంగా, 600 దగ్గర, ధన తరంగం వస్తుంది. అది పి600. చూశారా, రెండూ వేరు, మెదడే చెప్పింది అని అందరూ సంబరపడ్డారు. తర్వాత 2005లో కిమ్, ఆస్టర్‌హౌట్ అనే ఇద్దరు "కమ్మని భోజనం తినేస్తోంది" అన్న రకం వాక్యాలు పెట్టారు. తినబడాల్సింది తింటోంది. వ్యాకరణం శుభ్రంగా ఉంది, పొసగనిది అర్థమే, కాబట్టి ఎన్400 రావాలి. వచ్చింది పి600. అంటే భోజనానికీ తినడానికీ ఉన్న సంబంధం ఎంత గట్టిదంటే, మెదడు అర్థాన్ని నమ్మి వ్యాకరణాన్నే అనుమానించింది.

దీనికి జోడీగా పాత పరిశోధన ఒకటుంది. పక్షవాతం లాంటివి వచ్చి మెదడులో మాటకి సంబంధించిన బ్రోకా ప్రాంతం దెబ్బతిన్నవాళ్ళు మాటలు కూడబలుక్కుంటూ, ప్రత్యయాలు వదిలేస్తూ మాట్లాడతారు. వాళ్ళకి మాట్లాడటమే కష్టం, వింటే బాగానే అర్థమవుతుందని చాలాకాలం అనుకున్నారు. 1976లో కరమజ్జా, జూరిఫ్ దీన్ని పరీక్షించారు. "పిల్లాడు తింటున్న యాపిల్ ఎర్రగా ఉంది" లాంటివి వాళ్ళకు అర్థమయ్యాయి. "అమ్మాయి తరుముతున్న అబ్బాయి పొడుగ్గా ఉన్నాడు" లాంటి వాటిలో ఎవరు ఎవర్ని తరుముతున్నారో మాత్రం చెప్పలేకపోయారు, ఊహించి చెప్పినట్టే వచ్చాయి జవాబులు. (వాక్యాలు మన తెలుగులోకి మార్చి చెప్తున్నాను.) యాపిల్ పిల్లాణ్ణి తినదు. అమ్మాయి, అబ్బాయి ఎవరైనా ఎవర్నైనా తరమచ్చు. ఇంగితం పనికొచ్చినంత వరకు వాళ్ళు నెగ్గుకొచ్చారు, వాక్యనిర్మాణం ఒక్కటే దిక్కైన చోట ఆగిపోయారు. "లారీ కారుని గుద్దింది" దగ్గర "ని" ఎందుకు తిరిగొచ్చిందో ఇక్కడ ఇంకో కోణంలో కనిపిస్తోంది.

ఇక మీ మూడో ప్రశ్న, ఆలోచన.

మొదట ఒక చెత్త తీసి పారేద్దాం. "తెలుగులో నాకు కోపం వచ్చింది అంటాం, ఇంగ్లీషువాడు నేను కోపంగా ఉన్నాను అంటాడు. మనం కోపాన్ని బయటి నుంచి వచ్చిన అతిథిలా చూస్తాం, వాడు తనే కోపం అయిపోతాడు" అని సోషల్ మీడియాలో తెగ తిరుగుతుంది. వినడానికి బాగుంటుంది. కానీ "నేను కోప్పడ్డాను" కూడా తెలుగే. పైగా "నాకు" అన్నంత మాత్రాన నేను పక్కకి తప్పుకున్నట్టు కాదు. "రవికి జ్వరం వచ్చి స్కూలుకి వెళ్ళలేదు" చూడండి. వచ్చింది జ్వరం, వెళ్ళనిది రవి. ఇక్కడ కార్యకారణం ఉంది నిజమే, కానీ "వెళ్ళలేదు"కి కర్త ఎవరో విడిగా చెప్పనే లేదు, "రవికి" నుంచే తీసుకున్నాం. వాక్యం "రవికి"ని కర్తలాగే లెక్కేస్తోంది. మా గుర్తుల పద్ధతిలో పాణిని కారకాల ఆధారంగా కర్తకి కె1, కర్మకి కె2 అని పెట్టుకుంటూ పోతాం. ఈ "రవికి" రకానికి మాత్రం కె4ఎ అని విడిగా ఒక గుర్తు, అనుభవ కర్త అని పేరు. విభక్తి చూస్తే చతుర్థి, ప్రవర్తన చూస్తే కర్త. దాని మీద మా గదిలో జరిగినన్ని వాదనలు ఇంకే గుర్తు మీదా జరగలేదు.

అలాగని భాషకి ఆలోచన మీద ప్రభావమే లేదనను. "నేను గ్లాసు పగలగొట్టాను", "గ్లాసు పగిలిపోయింది" అన్న తేడా మీద ఫాసీ, బొరొడిట్‌స్కీ 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. పొరపాటున జరిగిన పనులని ఇంగ్లీషువాళ్ళు కర్తతో చెప్పడం ఎక్కువ, స్పానిష్‌వాళ్ళు "పగిలింది" అన్నట్టు చెప్పడం ఎక్కువ. పొరపాటు ఎవరు చేశారన్నది ఇంగ్లీషువాళ్ళకే కాస్త బాగా గుర్తుంది. కావాలని చేసినవి ఇద్దరికీ సమానంగానే గుర్తున్నాయి. ఇది దేన్ని పట్టించుకుంటామన్న దాంట్లో తేడా. ఆలోచించగలమా లేదా అన్న దాంట్లో కాదు.

వాక్యనిర్మాణం పోతే ఆలోచన పోతుందా? 2005లో ఇంగ్లాండులో రోజ్‌మేరీ వార్లీ బృందం తీవ్రంగా భాష దెబ్బతిన్న రోగులను పరీక్షించింది. "మనిషి సింహాన్ని చంపాడు", "సింహం మనిషిని చంపింది" ఈ రెండింటికీ తేడా వాళ్ళకి తెలియలేదు. 59లోంచి 13 తీయడం, 13లోంచి 59 తీయడం వేరువేరని మాత్రం తెలుసు. బ్రాకెట్లు ఉన్న లెక్కలు కూడా చేశారు. దేన్లోంచి ఏది అన్న క్రమం లెక్కలో నిలిచింది, వాక్యంలో చెరిగిపోయింది. ఆలోచనకి తన సొంత నిర్మాణం ఉంది, అది భాష దగ్గర అప్పు తెచ్చుకున్నది కాదు అనడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు.

మరి వాక్యం సాయం కావాల్సిన ఆ ఒక్క చోటు ఏది? "అని".

"వాన పడుతోందని రవి అనుకున్నాడు." బయట వాన లేకపోవచ్చు. లోపలి వాక్యం అబద్ధం, మొత్తం వాక్యం నిజం. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యం కడుపులో పెట్టే ఈ ఏర్పాటు వల్లే ఎదుటివాడి తప్పుడు నమ్మకాన్ని మనం మాటల్లో పట్టుకోగలుగుతాం. పిల్లలకి ఈ రకం వాక్యాలు వచ్చాకే ఇతరుల పొరపాటు నమ్మకాలు తెలుస్తాయని జిల్ డి విలియర్స్, పీటర్ డి విలియర్స్ వాదించారు. నికరాగ్వాలో బధిరుల బడుల్లో 1970ల చివర నుంచి పిల్లల మధ్య ఒక కొత్త సంజ్ఞా భాష పుట్టింది. దాని మొదటి తరంవాళ్ళు పెద్దయ్యాక కూడా ఎదుటివాడి పొరపాటు నమ్మకాన్ని కనిపెట్టే పరీక్షల్లో వెనకబడ్డారనీ, అనుకోవడం, తెలియడం లాంటి వాటికి సంజ్ఞలు నేర్చాక మెరుగుపడ్డారనీ పైయర్స్, సెంఘాస్ 2009లో చూపించారు. అయితే వార్లీయే 2000లో, భాష కూలిపోయిన రోగి ఒకరు ఈ రకం పరీక్ష నెగ్గారని కూడా చూపించింది. రెండూ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. నమ్మకాల గురించి ఆలోచించడం నేర్చుకునేటప్పుడు భాష కావాలి. ఒకసారి వచ్చాక, భాష పోయినా ఉంటుంది.

తెలుగు "అని"లో ఇంకో చిత్రం ఉంది, ఇది తెలుగువాళ్ళకే తెలియకుండా తెలిసినది.

"సుధాకర్ రేపు వస్తానని చెప్పాడు." వచ్చేది సుధాకరే.
"సుధాకర్ రేపు వస్తాడని చెప్పాడు." ఇక్కడ చెప్పినవాడు, వచ్చేవాడు ఒకరు కాదు.

ఒక్క "న"కీ "డ"కీ తేడా. ఇప్పుడు ఇంకాస్త లోపలికి వెళ్దాం. పరీక్షా ఫలితాలు పేపర్లో నంబర్లుగా వచ్చే రోజులు ఊహించుకోండి. రవి తన హాల్ టికెట్ నంబరు మర్చిపోయాడు. పేపర్లో ఒక నంబరు మీద వేలు పెట్టి "ఈ కుర్రాడెవరో పాసయ్యాడు" అనుకున్నాడు. ఆ నంబరు రవిదే, మనకి తెలుసు, రవికి తెలియదు. ఇప్పుడు మనం "రవి తను పాసయ్యానని అనుకున్నాడు" అనగలమా? అనలేం. "పాసయ్యాను" అనే రూపం వాడాలంటే రవి తన గురించి "నేను" అని అనుకుని ఉండాలి. "తను పాసయ్యాడని" అంటే కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా వీలుంది. అంటే మనిషి తన గురించి తనకి తెలిసి ఆలోచించాడా, తెలియక ఆలోచించాడా అన్న తత్వశాస్త్రం తేడాని తెలుగు క్రియ చివర ఒక్క ప్రత్యయంతో తేల్చేస్తోంది. ఈ నిర్మాణం మీద విదేశాల్లో కూడా భాషాశాస్త్రజ్ఞులు రాస్తున్నారు. మనం మాత్రం ఫోన్లో "వస్తానన్నాడు" అని రోజూ అనేస్తూ పోతాం.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ తేడా తెలుగులో ఉంది కాబట్టి తెలుగువాళ్ళకే ఆ ఆలోచన వస్తుందని కాదు. ఇంగ్లీషువాడికి కూడా వస్తుంది, వాడు నాలుగు మాటలు ఎక్కువ వాడి చెప్తాడు.

చివరగా చాట్‌బాట్ల సంగతి. చిహ్నాలను నియమాల ప్రకారం తిప్పినంత మాత్రాన అర్థం పుట్టదని తత్వవేత్త జాన్ సర్ల్ 1980లో వాదించాడు. చైనీస్ తెలియనివాణ్ణి గదిలో కూర్చోబెట్టి, నియమాల పుస్తకం ఇచ్చి, చైనీస్‌లో జవాబులు రాయించే ఊహా ప్రయోగం అది. దాని మీద తగాదా ఇంకా తెగలేదు, నేను తెంచలేను. పనిలో చూసింది మాత్రం చెప్తాను. "టీ తాగిన కప్పు" లాంటివి మా పాత పార్సర్లు బోల్తా పడిన చోట ఇప్పటి చాట్‌బాట్ మోడళ్ళు బాగానే చేస్తున్నాయి. కప్పు టీ తాగదన్న సంగతి కోట్ల వాక్యాల్లోంచి ఎలాగో వాటికి అందింది. ఇంగితం పనికొచ్చే చోట గట్టివే. ఇంగితం ఎటూ తేల్చలేని చోట వాటి తీరు వేరు. "ఆయన డబ్బు తీసుకుని ఓటు వెయ్యలేదు" అని ముందూ వెనకా ఏమీ లేకుండా ఇచ్చి ఇంగ్లీషులోకి మార్చమంటే, నేను చూసినంతలో ఏదో ఒక అర్థం ఎంచుకుని తడుముకోకుండా రాసేస్తాయి. అదే వాక్యం మా ఆఫీసులో కుర్రాళ్ళకి ఇస్తే మొదట అడిగేది "వేశాడా, వెయ్యలేదా సార్?" అని. మీరూ ఇచ్చి చూడండి, ఏ అర్థం తీసుకుందో ఇక్కడ రాయండి. "రవి నవ్వుతూ వెళ్తున్న పిల్లాణ్ణి పిలిచాడు" కూడా ఇవ్వండి.